చెవుల్లో దూది

శవం చెవుల్లో దూది ఉంది. ముక్కులో లేదు.

షాజాదీ బేగం ఆ ఫొటోను రెండు వేళ్లతో లాగి పెద్దది చేసింది. మళ్లీ చిన్నది చేసింది. ఫోన్ సీఐ భానుప్రసాద్‌ది. ఫొటోలో ఉన్నది మోయిజ్. 'తీర్పు' అనే ఛానల్ పెట్టి, కరీంనగర్‌లో ఒక డాబా గదిలో కూర్చుని, పన్నెండేళ్లుగా చిన్న సినిమాలకూ దయ్యం సినిమాలకూ మొహమాటం లేకుండా తీర్పులు చెప్పిన మనిషి. ఫొటోలో ఖానాపూర్ చాంద్ టాకీస్‌లో, ఎఫ్ వరుస పదకొండో కుర్చీలో, వీపు ఆనించుకుని, కళ్లు తెరిచి, తెర వైపే చూస్తున్నాడు. ప్రాణం ఒక్కటే లేదు. నిన్న మధ్యాహ్నం మూడున్నరకు తీసిన ఫొటో అది. ఇప్పుడు వాళ్లిద్దరూ నిలబడింది అదే టాకీస్ వరండాలో.

"చూసినవా?" భానుప్రసాద్ ఫోన్ గుంజుకున్నాడు. "మెత్తటి దానితోని మొకం అదిమి చంపిండ్రు. డాక్టరు చెప్పిండు. చంపినంక శవానికి పెట్టినట్టు చెవులల్ల దూది పెట్టిండ్రు. గసొంటి ఆలోచన ఎవలకొస్తది? దయ్యం సినిమా తీసే పిల్లకే వస్తది. కేసు ఒడిసింది ఆపా. ఇగ నువ్వు బస్సెక్కు."

"శవానికైతే ముక్కుల గూడ పెడ్తరు సీఐ సాబ్. మీ దాంట్ల గంతే, మా దాంట్ల గంతే. సగం పని జేసి ఎందుకు ఇడిసిపెట్టిండ్రు?"

"తొందరల మర్చిపోయి ఉంటది."

"చంపుడు మర్చిపోలే. చెవులు మర్చిపోలే. ముక్కొక్కటే మర్చిపోయింది. మంచిగుంది."

"పందొమ్మిదేండ్లు కిటికీ ఎనుక కూసొని టికెట్లు చింపినవు," అన్నాడు సీఐ. "గిది టికెట్ చింపుడు కాదు."

నిజమే. కరీంనగర్‌లో ఒక టాకీస్ బుకింగ్ కిటికీ వెనుక ఆమె పంతొమ్మిదేళ్లు కూర్చుంది. టాకీస్ మూతపడ్డాక టైలర్ షాపు మీది గదికి 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు తగిలించుకుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పదో తరగతి కూడా దాటలేదు. కిటికీలోంచి చేయి ఒక్కటే కనపడితే ఆ చేయి ఎవరిది, వెంట ఎవరిని తెచ్చాడు, ఇంట్లో ఏమని చెప్పి వచ్చాడు అన్నది పట్టుకోవడం అక్కడే అబ్బింది. పోలీసులకు నేర్పేది ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదని ఆమె నమ్మకం.

ఆమెను పిలిపించింది శంకరవ్వ. సిరిసిల్లలో సాంచాలకు దారం కండెలు చుట్టి బతికే మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఆమె బిడ్డ మమతారాణి 'ఆగని సాంచె' అనే దయ్యం సినిమా తీసింది. చచ్చిపోయిన నేత కార్మికుడు అడవిలో తిరుగుతుంటాడు, అతని కంటే ముందు సాంచె చప్పుడు వస్తుంది. అదీ కథ. ఆ సినిమాకు తీర్పు చెప్పడానికే మోయిజ్ ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు మోయిజ్ నిర్మల్‌లో శవాల గదిలో ఉన్నాడు. మమతారాణిని పంచనామా కోసమని ఇదే టాకీస్‌కు తెచ్చి బుకింగ్ గదిలో కూర్చోబెట్టారు.

"నాలుగు గొట్టంగ నా జీపు కదుల్తది," అన్నాడు సీఐ. "నిర్మల్ కోర్టుకు. పిల్ల అండ్ల ఉంటది. గప్పటిదాంక ఏం జేస్కుంటవో జేస్కో."

అప్పుడు ఒకటీ నలభై.

"మీ లెక్క జెప్పుండ్రి."

"సాఫ్ లెక్క. మూడూ అయిదుకు మోయిజ్ ఛానల్ల తీర్పు వడ్డది. మూడూ పదికి పిల్ల హాల్లకు పోయింది. ఆపరేటర్ చూసిండు. మూడూ ఇరవైకి ఏడ్చుకుంట బైటికొచ్చింది. మూడున్నరకు ఆపరేటర్ చాయ్‌కి పిలువబోతే మనిషి లేడు. మూడూ అయిదుకు తీర్పు రాసినోడు మూడున్నరకు చచ్చిండు. నడుమల లోపటికి పోయింది ఒక్కతే."

ఆ తీర్పును షాజాదీ బస్సులో వస్తూనే చదివింది. మళ్లీ తన ఫోన్ తీసి చదివింది.

'ఆగని సాంచె. బాయి సీన్ల సాంచె చప్పుడు వింటుంటే నవ్వొచ్చింది. దయ్యం వస్తున్నదా, బట్టల మిల్లు మొదలైందా తెల్వలే. తీర్పు: చూడకు. గీ పిల్ల ఇంకోపాలి కెమెరా ముట్టొద్దు.'

మాట మోయిజ్‌దిలాగే ఉంది. మనిషి మోయిజ్ కాదు.

అతని తీర్పులు ఆమెకు నోటికి వచ్చు. పోయిన నెల జనం ఎగబడి చూసిన ఒక దయ్యం సినిమాకు ఏమన్నాడు? 'దయ్యం వచ్చినప్పుడల్ల డప్పు కొట్టిండ్రు. దయ్యానికి భయపడలే, డప్పుకు ఉలిక్కిపడ్డ. ఉలికిపాటు వేరు, భయం వేరు.' అవార్డులు తెచ్చిన ఇంకో చిన్న సినిమాకు: 'గంటన్నర గోడను చూపెట్టిండ్రు. అందరికంటె గోడనే మంచిగ నటించింది.' అడవిలో తీసిన మరో దానికి: 'అడివికి పోయిండ్రు గని అడివిని చూడలే. సెల్ఫీ దిగి వచ్చిండ్రు.' సినిమాను చెప్పుతో కొట్టినట్టు మాట్లాడేవాడు. తీసిన మనిషిని మాత్రం 'మళ్ల తియ్యి, నేను మళ్ల చూస్త' అని పంపేవాడు. కెమెరా ముట్టొద్దు అని ఎవరినీ అనలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా.

*

బుకింగ్ గది తలుపు దగ్గర మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది. మమతారాణి నేల మీద కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్లు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది కానీ చూపులో పొగరు చావలేదు. షాజాదీకి అది నచ్చింది.

"నిన్న పదకొండింటికి యాడున్నవు బిడ్డా?"

"బస్టాండ్ కాడ హోటల్ల. మా అవ్వతోని. మోయిజ్ సార్ చూస్తుంటె తీసినోళ్లు చుట్టుపక్కల ఉండొద్దంటడు. పొద్దుగాల పదింబావుకు పోయినం, రెండున్నర దాంక ఆడ్నే కూసున్నం. హోటలాయన మూడుసార్లు లేవుమన్నడు."

"మంచిది. తిట్టినోడు గుర్తు పెట్టుకుంటడు. మూడూ పదికి హాల్లకు ఎందుకు పోయినవు?"

"తీర్పు చదివిన. అడుగుదామని పోయిన. ఎందుకు సార్ గట్ల రాసిండ్రు, నేనేం తప్పు జేసిన్నని. జవాబియ్యలే. తల సుత తిప్పలే. తెర దిక్కే చూస్తుండు. తెర మీద ఏం లేకుండె అమ్మా. ఆట అయిపోయింది. ఉత్త తెల్లగుడ్డ." ఆమె అరచేత్తో ముఖం తుడుచుకుంది. "పది నిమిషాలు తిట్టిన. నోటికొచ్చినట్టు తిట్టిన. నీ కండ్లు పోను అన్న. ఆయన కండ్లు రెప్ప కొడ్తలేవు. గది నాకు సమజ్ కాలే. గర్వం అనుకున్న."

కిటికీ చువ్వల్లోంచి వచ్చే ఎండ ఆ పిల్ల మోకాళ్ల మీద గీతలు గీతలుగా పడింది.

"సినిమా ఎవరి ద్వారా మోయిజ్ కాడికి పోయింది?"

"సాయిచంద్ అన్న. సార్ కాడ వీడియోలు కత్తిరించే అన్న. మా షూటింగ్ సుత ఆయన చలువే. ఉట్నూర్ దిక్కు అడివిల జాగాలు చూపెట్టిండు. జీపు మాట్లాడిండు. డ్రైవర్ అంజన్న పోయినంక ఆఖరి మూడు రోజులు జీపు ఆయనే నడిపిండు."

"పోయినంక అంటె?"

"చెప్పకుండ చంద్రాపూర్ పోయిండట. పనికి. దానికి ముందురోజు పెద్ద లొల్లి పెట్టిండు, నా జీపుల రాత్రి ఎవడో టేకు దుంగలు ఏసిండు, ఫారెస్టోళ్లు పట్టుకుంటె నేను జైలుకు పోవాల్నా అని. తెల్లారి బాయి సీన్ తీసే టైంకు మనిషి లేడు. జీపు ఉట్నూర్ బస్టాండ్ల దొరికింది." మమత తల వంచుకుంది. "ఆయన భార్య బాలవ్వ ఇప్పటికి ఫోన్ జేస్తది. మా ఆయన బొమ్మ ఎక్కడన్న పడ్డదా బిడ్డా, సినిమాల ఒక్కసారన్న కనవడ్తడా అని. లేదు అవ్వా అని చెప్తున్న."

*

ఆపరేటర్ గులాం నబీకి డెబ్బై ఏళ్లు. కళ్లలో పొర. పాత మిషన్ ఎప్పుడో పోయింది. మమత కిరాయికి తెచ్చిన చిన్న ప్రొజెక్టర్ క్యాబిన్ కిటికీలో పెట్టి, పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడుతూ కూర్చున్నాడు.

"టైములు జెప్పు చాచా. తప్పు జెప్పకు, ఒక పిల్ల పాణం ఉంది దీంట్ల."

"పదకొండుకు మొదటి ఆట. సినిమా గంటా నలభై నిమిషాలు. హాల్ల ఇద్దరే. మోయిజ్ మియా, ఎనుక వరుసల సాయిచంద్. పన్నెండుకు ఐదు తక్కువకు సాయిచంద్ నా కాడికి వచ్చిండు. చాచా, నిర్మల్ల పని వడ్డది, సార్‌ను కదిలియ్యకు, మొదటిది అయినంక ఇరవై నిమిషాలు ఆగి రెండో ఆట ఎయ్యి అన్నడు. పోయిండు."

"ఎప్పుడన్న నడుమల పోతడా?"

"ఎప్పుడు పోలే. రెండు ఆటలు కూసునేటోడు."

"రెండు ఆటలు ఎందుకు?"

నబీ ముఖం కాస్త వెలిగింది. "అది మోయిజ్ మియా పద్ధతి బేగం. దయ్యం సినిమా అయితె మొదటి ఆటకు చెవులల్ల దూది పెట్టుకుంటడు. చప్పుడు కండ్లను మోసం చేస్తదట. ఎటు చూడుమంటె అటు గుంజుకపోతదట. దూది పెట్టుకుంటె కండ్లు సొంతంగ తిరుగుతయి అంటడు. రెండో ఆటకు దూది తీసేసి, ముందల వరుసకు పోయి తెరకు వీపు పెట్టి కూసుంటడు. ఉత్త చెవులతోని వింటడు. రెండు అయినంకనే తీర్పు."

దూది చంపినవాడు పెట్టింది కాదు. దూది మోయిజే పెట్టుకున్నాడు.

"నిన్న రెండో ఆటకు ముందల వరుసకు పోయిండా?"

నబీ కళ్లు నులుముకున్నాడు.

"పోలే. గదే కుర్చీల ఉండె. నాకు మసక మసక, అయినా గా తల కనవడ్డది. కదులుతలేదు. నేనేమనుకున్న అంటె, గీ సినిమా మస్తు నచ్చినట్టుంది, మల్ల చూస్తుండు అని. ఖుషీ అయిన. పిల్లకు మంచి తీర్పు వస్తదని." అతను కిందికి, ఎఫ్ వరుస వైపు చూశాడు. "బేగం... నేను ముర్దాకు, పీనుగకు సినిమా ఏసిన్నా? గంటా నలభై నిమిషాలు?"

క్యాబిన్ కిటికీలోంచి ఖాళీ హాలు కనిపిస్తోంది. కింద ఎక్కడో ఒక కుర్చీ దానంతట అదే ముడుచుకుని 'టప్' మంది. ఇద్దరూ అటు చూశారు. ఎవరూ లేరు.

"ఎలుకలు," అన్నాడు నబీ. తనకు తానే చెప్పుకున్నట్టు.

*

ఆటలు ఆగిపోయాక గోదాం అయిన ఆ హాల్లో రెండు పక్కలా మక్కజొన్న బస్తాలు. పాత తెర చినిగిపోతే మమత వాళ్లు సిరిసిల్ల నుంచి తెల్లగుడ్డ తెచ్చి, కుట్టి కట్టారు. వెనుక రేకుల సందుల్లోంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ గుడ్డ ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఊపిరి తీస్తున్నట్టు.

ఎఫ్ పదకొండు వెనుక జీ వరుసలో ఒక ఖాళీ గోనెసంచి మడత పెట్టి ఉంది. మడత నీట్‌గా ఉంది. మిగతా సంచులన్నీ విసిరేసినట్టు పడి ఉన్నాయి, ఇది ఒక్కటే మడత. షాజాదీ దాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది.

"జాగ్రత్త ఆపా, ఆ మెట్టు పగిలింది."

సాయిచంద్. ముప్పై ఏళ్లు ఉంటాయి. మెత్తటి గొంతు. ఎవరు వచ్చినా కుర్చీ తుడిచి ఇచ్చే రకం. కుర్చీ తుడిచి ఇచ్చాడు కూడా.

"ఏడేండ్లు సార్ కాడ పనిచేసిన ఆపా. మా బాపు పోయినప్పుడు గూడ గింత ఏడ్వలే."

"నిన్న నడుమల ఎందుకు పోయినవు?"

"కెమెరా బాగుకిచ్చిన. ఫోన్ వచ్చింది. మూడుకు నిర్మల్ల చాయ్ హోటల్లనే ఉన్న, కావాల్నంటె అడుగుండ్రి."

"మూడింటి సంగతి నేను అడగలే గద."

సాయిచంద్ నవ్వాడు. "అందరు గదే అడుగుతుండ్రు ఆపా."

"ఛానల్ల తీర్పు ఎవరెవరు పెట్టొచ్చు?"

"సార్." అతను కుర్చీ పిడి మీది దుమ్ము తుడిచాడు. "నేను గూడ పెట్టొచ్చు గని, ఎప్పుడు సారే పెడ్తడు."

"దూది సంగతి సీఐకి ఎందుకు చెప్పలే?"

"ఆయన అడగలే." మళ్లీ అదే మెత్తటి గొంతు. "మొదటి పేజీల బొమ్మ సంగతి రాస్తడు, రెండో పేజీల చప్పుడు సంగతి రాస్తడు, గది చెప్పిన. దూది అంటరా, ఏడేండ్లకెల్లి నేనే చుట్టిస్తున్న. రోజు చూసేది కండ్లకు కనవడదు గద ఆపా."

"నాగ్గూడ రెండు చుట్టియ్యి."

అతను జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. వేళ్లు చకచకా కదిలాయి. చెవికి సరిగ్గా పట్టేంత, ఒక్క నార బయటికి రాకుండా రెండు ఉండలు. ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

*

నబీ చెప్పిన దూది సంగతి వరండాలో వినిపించగానే భానుప్రసాద్ టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్ పడేశాడు. లోపల చిన్న నోట్‌బుక్.

"ఇగో. కుర్చీ కింద దొరికింది. ఉర్దూల ఉంది, మా స్టేషన్ల అది చదివేటోడు లీవుల ఉన్నడు. అయినా చదువుడు అక్కర్లే. మొదటి పేజీ ఖాళీ. రెండో పేజీ నిండుగుంది. రెండో పేజీ అంటె చప్పుడు సంగతి. చప్పుడు విన్నడు, అంటె రెండో ఆట దాంక బతికే ఉన్నడు. నీ దూది కథ ఈడ్నే చచ్చింది."

"బొమ్మ సంగతి ఖాళీ ఎందుకు పెట్టిండట?"

"బొమ్మల రాయనీకె ఏం లేదు గావచ్చు."

షాజాదీకి నవ్వు ఆగలేదు. నడుం పట్టుకుని నవ్వింది. కానిస్టేబుల్ తలుపు దగ్గరి నుంచి తొంగి చూసింది.

"ఏందా నవ్వు?" సీఐ ముఖం ఎర్రబడింది.

"సీఐ సాబ్, మీరు పుస్తకం ఏ దిక్కుకెల్లి తెరిచిండ్రు?"

"అందరు తెరిచే దిక్కుకెల్లి!"

"మీరందరు తెరిచే దిక్కు. ఉర్దూ రాసేటోనికి గది ఆఖరు దిక్కు. మాకు పుస్తకం కుడిదిక్కుకెల్లి మొదలైతది. కుడి పేజీ మొదటిది. ఎడమది రెండోది." కవర్ మీదే వేలు పెట్టి చూపింది. "నిండుగున్నది మొదటి పేజీ. బొమ్మ సంగతి. ఖాళీగున్నది చప్పుడు సంగతి. మోయిజ్ గీ సినిమా చప్పుడు విననేలే. ఒక్క నిమిషం సుత వినలే. మరి సాంచె చప్పుడుకు నవ్వొచ్చిందని తీర్పు ఎవలు రాసిండ్రు?"

భానుప్రసాద్ నోట్‌బుక్‌ను కవర్‌లోంచి తీసి కుడి నుంచి తెరిచి చూశాడు. ఎడమ నుంచి చూశాడు. మళ్లీ మూశాడు.

"చదువు," అన్నాడు చివరికి. బుకింగ్ గది తలుపు తెరిచే ఉంది. షాజాదీ ఉర్దూను తెలుగులోకి మారుస్తూ, కావాలనే గట్టిగా చదివింది.

"నాలుగో నిమిషం. సాంచెను చూపెట్టకుండ గోడ మీద దాని నీడ చూపెట్టింది. శాబాష్ బిడ్డా. పంతొమ్మిది. గీ ముసలామె యాక్టర్ కాదు, నిజంగ కండెలు చుట్టే మనిషి, చేతులు చెప్తున్నయి. ముప్పై మూడు. పొగ జర ఎక్కువైంది. నలభై. భయమైతుంది. చప్పుడు లేకుండనే భయమైతుంది. ఏడాదిల గిది మొదటిపాలి."

లోపల గదిలో మమతారాణి ఒక్కసారి వెక్కింది. నిన్న వచ్చిన తీర్పుకు ఏడ్చిన ఏడుపు కాదు అది.

"నలభై ఏడు," షాజాదీ గొంతు తగ్గింది. "బాయి కాడ పిల్లను చూడొద్దు. ఎడమ దిక్కు, టేకు చెట్ల నడుమ చూడాలె. గది యాక్టింగ్ కాదు."

తర్వాత ఏమీ లేదు. కలం ఒక గీత గీసి, పేజీ దాటి, ఆగిపోయింది.

"పదకొండుకు మొదలైన ఆట. నలభై ఏడో నిమిషం. అంటె పదకొండూ నలభై ఏడుకు కలం ఆగింది. పిల్ల అప్పుడు బస్టాండ్ హోటల్ల ఉంది. హోటలాయన సాక్షి. ఇడిసిపెట్టుండ్రి సీఐ సాబ్."

"నీ నోటితోని చదివిన ఉర్దూ మీద నేను కేసు ఇడువాల్నా? దానికి ఓ పద్ధతుంటది. సర్టిఫికెట్ ఉన్నోడు తర్జుమా చెయ్యాలె. రేపో ఎల్లుండో చేపిస్త. గియ్యాల రిమాండ్ గియ్యాలనే."

"రేపటిదాంక ఆ పిల్ల జైల్ల ఎందుకుండాలె? మీకు ఎడమ కుడి తెల్వనందుకా?"

"నోరు అదుపుల పెట్టుకో ఆపా!"

"నోరు అదుపుల పెట్టుకున్నందుకే పేదోళ్ల పిల్లలు జీపులెక్కుతుండ్రు. రాండ్రి, హాల్ల కూసుందం. పది నిమిషాలు. నలభై ఏడో నిమిషంల ఏముందో మీ కండ్లతోని చూడుండ్రి."

"నాకు సినిమాలు చూసే టైం లేదు." సీఐ చేతి గడియారం చూసుకున్నాడు. "మూడూ ఇరవై. నలభై నిమిషాలున్నయి నీకు. పోయి చూడు, ఏడువు, ఏమన్న చెయ్యి." జీపు వైపు నడిచాడు. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"సాయిచంద్ యాడున్నడు?" షాజాదీ కానిస్టేబుల్‌ను అడిగింది.

"అందరికి చాయ్ తెస్తనని పోయిండమ్మా. ఇప్పుడే."

*

ఆమె ఎఫ్ పదకొండులో కూర్చుంది. వెన్ను ఆనించింది. నిన్న అతను ఆనించిన చోటే.

"చాచా! నలభయ్యో నిమిషం కాడికెల్లి ఎయ్యి!"

వెనుక నుంచి వెలుగు వచ్చి తెల్లగుడ్డ మీద పడింది. ఆమె అరచేతిలో రెండు దూది ఉండలు ఉన్నాయి. ఒక్క క్షణం ఆలోచించింది. మోయిజ్ చూసింది చూడాలంటే మోయిజ్ కూర్చున్నట్టే కూర్చోవాలి. రెండూ చెవుల్లో పెట్టుకుంది.

లోకం ఆగిపోయింది. రేకుల చప్పుడు లేదు. బయట బండ్ల చప్పుడు లేదు. తన గుండె కొట్టుకోవడం ఒక్కటే, ఎక్కడో లోతుల్లోంచి, సాంచె ఆడినట్టు. టకా టకా. టకా టకా.

తెర మీద అడవి. మంచు. పదేళ్ల పిల్ల బావి వైపు నడుస్తోంది. చప్పుడు లేని అడవి ఎంత పెద్దదో షాజాదీ అప్పుడే చూసింది. గాలికి గుడ్డ ఉబ్బినప్పుడల్లా చెట్లు ముందుకు వంగుతున్నాయి, మళ్లీ వెనక్కి పోతున్నాయి. పిల్ల నడుస్తూనే ఉంది. నలభై రెండు. నలభై మూడు. బావి కనపడింది.

పంతొమ్మిదేళ్లు టాకీస్‌లో పనిచేసినా సినిమాను ఇట్లా ఎప్పుడూ చూడలేదు. అప్పట్లో సాయంత్రం ఆట మధ్యలో వెనుక వరుసలో ఎవడైనా లేచి నిలబడితే వాడి తల నీడ తెర మీద పడేది. వెంటనే హాలంతా ఒక్క గొంతుతో అరిచేది: 'కూసో!' వాడు కూర్చునేదాకా ఊరుకునేది కాదు. ఇప్పుడు హాల్లో ఆమె ఒక్కతే.

నలభై ఆరు. పిల్ల బావిలోకి వంగింది. నోరు తెరిచింది. ఇక్కడ అరుపు ఉంటుంది. అరుపు వినేవాళ్లందరి కళ్లూ పిల్ల నోటి మీదే ఉంటాయి. తీసిన మమత కళ్లు కూడా. కత్తిరించినవాళ్ల కళ్లు కూడా. చిన్న లాప్‌టాప్ తెర మీద ఎడమ మూల గోరంత ఉంటుంది.

షాజాదీ పిల్లను చూడలేదు. ఎడమకు చూసింది.

టేకు చెట్ల నడుమ, దూరంగా, మంచులో ఒక జీపు. వెనుక తలుపు తెరిచి ఉంది. ఒక మనిషి వంగి దేన్నో లాగుతున్నాడు. బరువైనది. దుంగ అనుకుంది ముందు. దుంగకు చెప్పులు ఉండవు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలు ఉత్తదే.

బాలవ్వా, మీ ఆయన బొమ్మ పడ్డది.

లాగుతున్న మనిషి ఆగాడు. ఎక్కడో కెమెరా ఉందన్న సంగతి అప్పుడే గుర్తుకొచ్చినట్టు తల ఎత్తి ఇటు చూశాడు. ఒక్క సెకను. ఆ ముఖం తెల్లగుడ్డ మీద అరచేయంత ఉంది. చాలు. కుర్చీ తుడిచి ఇచ్చిన ముఖం. దూది చుట్టి ఇచ్చిన ముఖం. రాత్రి జీపులో దుంగలు వేసిన 'ఎవడో' వీడే.

నిన్న ఈ కుర్చీలోనే మోయిజ్ ఇది చూశాడు. చెవుల్లో దూదితో, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియక, వెనక్కి తిరగకుండానే అడిగి ఉంటాడు: 'గది నువ్వే గదరా?' వెనుక వరుసలో గోనెసంచి ఉంది. మడత పెట్టినవాడు అలవాటు కొద్దీ నీట్‌గా మడత పెట్టాడు.

నబీకి పొర. దూరం ఆనదు. సీఐ జీపు దగ్గర ఉన్నాడు, రెండు తలుపుల అవతల. సినిమా క్యాబిన్‌లో ఉంది, ఒక్క చిన్న లాప్‌టాప్‌లో. అది పగిలితే మమతారాణికి ఇంకేమీ మిగలదు. బాలవ్వకూ మిగలదు. చాయ్‌కని పోయినవాడు ఏ క్షణమైనా తిరిగి రావొచ్చు. ఇప్పుడు లేచి పరుగెత్తితే తన ప్రాణం దక్కొచ్చు. వాడు క్యాబిన్ మెట్లు ఎక్కుతాడు.

అప్పుడే తెర మీద, అంజన్న కాళ్ల మీదుగా, ఇంకో నీడ పడింది.

గుండ్రంగా, నల్లగా, ఒక తల. తర్వాత భుజాలు. వెనుక వరుసలో ఎవరో లేచి నిలబడ్డారు. ఎప్పుడు వచ్చారో, ఎంతసేపటి నుంచి ఉన్నారో ఆమెకు తెలియదు. నీడ మెల్లగా పెద్దదవుతోంది. పిల్లను కప్పింది. బావిని కప్పింది. గుడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ నీడ కూడా పీలుస్తోంది.

షాజాదీ వెనక్కి తిరగలేదు. చేతులు కుర్చీ పిడుల మీదే ఉంచింది. పంతొమ్మిదేళ్లు వేల మంది నోట విన్న మాటను ఈసారి ఒక్కతే అరిచింది, పైన నబీకి వినపడేంత గట్టిగా, బయట జీపు దాకా పోవాలని.

"కూసో సాయిచంద్! ఆట ఇంక అయిపోలే!"

నీడ తెర మీది నుంచి కిందికి జారిపోయింది. వాడు కూర్చున్నాడో, వంగి ముందుకు వస్తున్నాడో ఆమెకు వినపడలేదు. చెవుల్లో దూది ఉంది.